మినహాయింపు నీడలో మన ఉపాధ్యాయులు

(మైనారిటీ పాఠశాలల ఉపాధ్యాయులు, యాజమాన్య ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపాధ్యాయ అర్హత పరీక్షపై, అంటే మనమందరం టెట్ అని పిలుచుకొనే పరీక్షపై, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. అప్పటి నుండి మా వద్దకు రెండు రకాల ప్రశ్నలు వస్తున్నాయి. యాజమాన్యాల వారు వచ్చి, "మనది మైనారిటీ పాఠశాల గదా, మనకు టెట్ వర్తించదు గదా?" అని అడుగుతున్నారు. ఉపాధ్యాయినులు వచ్చి, "మా ఉద్యోగాలు నిలుస్తాయా?" అని అడుగుతున్నారు. పైకి ఈ రెండూ ఒకే ప్రశ్నవలె కనిపిస్తాయి. నిజానికి కావు. మొదటి ప్రశ్నకు "ప్రస్తుతానికి వర్తించదు" అన్న జవాబు ఉన్నది. రెండో ప్రశ్నకు జవాబు ఆ మినహాయింపులో లేదు. అది ఉపాధ్యాయుని చేతిలోని నియామక పత్రంలో ఉండాలి. ఆ పత్రమే మన బడుల్లో అత్యధికుల వద్ద లేదు. ఈ వేళ మేము విన్నవించదలచినది ఈ ఒక్క విషయమే.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ చట్టంలోని 23వ సెక్షన్ ఉపాధ్యాయుల కనీస అర్హతలను నిర్ణయించే అధికారాన్ని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలికి ఇచ్చింది. ఆ మండలి 2010 ఆగస్టు 23న జారీ చేసిన ప్రకటన ద్వారా ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారికి శిక్షణ ధ్రువపత్రంతోపాటు టెట్ ఉత్తీర్ణత కూడా అవసరమయింది. 2017లో చట్టాన్ని సవరించి, 2015 మార్చి 31 నాటికి పనిలో ఉండి కనీస అర్హతలు లేనివారు నాలుగేళ్లలో వాటిని సంపాదించుకోవాలని గడువు పెట్టారు. ఆ గడువు 2019 మార్చి 31తో ముగిసింది.

ఇక మైనారిటీ సంస్థల సంగతి. 2012లో చట్టాన్ని సవరించి మదర్సాలను, వేద పాఠశాలలను, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలను ఈ చట్టం పరిధి నుండి తప్పించారు. 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజ్యాంగంలోని 30వ అధికరణ కింద రక్షణ పొందే మైనారిటీ పాఠశాలలకు, అవి ఎయిడెడ్ అయినా అన్ ఎయిడెడ్ అయినా, విద్యాహక్కు చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. నేడు మన యాజమాన్యాలు ఆధారపడుతున్న మినహాయింపు ఇదే.

2025 తీర్పు ఈ పునాదినే ప్రశ్నించింది. ఆ కేసు శీర్షికలో మొదట ఉన్న పేరు కూడా మన సముదాయపు సంస్థదే. మహారాష్ట్రకు చెందిన అంజుమన్ ఇషాఅత్-ఎ-తాలీమ్ ట్రస్టు అది. జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ మన్మోహన్‌లతో కూడిన ధర్మాసనం ప్రమతి తీర్పుపై సందేహం వెలిబుచ్చి, మైనారిటీ పాఠశాలలకు టెట్ వర్తిస్తుందా లేదా అన్న అంశాన్ని మరింత విస్తృత ధర్మాసనానికి నివేదించేందుకు ప్రధాన న్యాయమూర్తికి పంపింది. మైనారిటీయేతర పాఠశాలల విషయంలో మాత్రం స్పష్టమైన ఆదేశాలిచ్చింది. పదవీ విరమణకు అయిదేళ్లకు మించి సర్వీసు ఉన్నవారు, విద్యాహక్కు చట్టానికి ముందు చేరినవారైనప్పటికీ, రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలి. కాలేకపోతే ఉద్యోగం వదులుకోవాలి, లేదా నిర్బంధ పదవీ విరమణ తప్పదు. అయితే వారికి నిబంధనల ప్రకారం రావలసిన విరమణ ప్రయోజనాలు చెల్లించాలి. అయిదేళ్లకన్నా తక్కువ సర్వీసు మిగిలినవారు టెట్ లేకుండానే కొనసాగవచ్చు, కాని పదోన్నతి కావాలంటే టెట్ ఉండాలి.

ఇక్కడ మూడు అపోహలను తొలగించవలసి ఉన్నది.

మొదటిది, ముస్లిం ఉపాధ్యాయులకు మినహాయింపు ఉన్నదన్న అపోహ. మినహాయింపు పాఠశాలకు సంబంధించినది, ఉపాధ్యాయుని మతానికి సంబంధించినది కాదు. ప్రభుత్వ ఉర్దూ మాధ్యమ పాఠశాలలో పనిచేసే సోదరికి, జిల్లా పరిషత్ పాఠశాలలో పనిచేసే సోదరునికి మిగతా అందరితో సమానంగానే ఆదేశాలు వర్తిస్తాయి.

రెండోది, ముస్లిం యాజమాన్యంలో నడిచే ప్రతి బడీ మైనారిటీ బడే అన్న అపోహ. ఆ హోదా ఉన్నదని చెప్పుకొంటే రుజువు చూపవలసి వస్తుంది. అందుకోసం 2004 నాటి చట్టం కింద జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్ ఉన్నది. మన పట్టణాల్లో అనేక బడులు ఒక వ్యక్తి పేరుతోనో, సాధారణ సొసైటీగానో నమోదై ఉన్నాయి. సముదాయ ప్రయోజనం కోసం స్థాపించామన్న మాట వాటి నిబంధనావళిలో వెతికినా కనిపించదు. అటువంటి బడి రేపు ఏ తనిఖీలోనైనా "మాది మైనారిటీ సంస్థ" అంటే ఒప్పుకొనేదెవరు? ఆ లోటుకు మూల్యం చెల్లించేది ఉపాధ్యాయుడే.

మూడోది, మినహాయింపు ఉంటే ఏ అర్హతా అక్కరలేదన్న అపోహ. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, మైనారిటీ సంస్థల ఉపాధ్యాయులకు కూడా ప్రభుత్వం కనీస విద్యార్హతలు నిర్ణయించవచ్చని చెప్పింది. సంస్థ నిర్వహణ మన హక్కు. పిల్లవానికి చదువు చెప్పే వ్యక్తికి చదువు చెప్పడం వచ్చి ఉండాలనడం ఆ హక్కుకు భంగం కాదు.

అసలు విషయానికి వద్దాం. ధ్రువపత్రం లేని ఉపాధ్యాయునితో మన బడులు కుదుర్చుకొనే ఒప్పందం ఎలాంటిది? చాలాచోట్ల అసలు ఒప్పందమే ఉండదు. జూన్‌లో నోటిమాటగా చేర్చుకొంటారు, ఏప్రిల్‌లో నోటిమాటగా పంపిస్తారు. వేసవి జీతం ఉండదు. మళ్లీ జూన్‌లో కొత్తగా చేరినట్లు లెక్క. పదేళ్లు పనిచేసినా కాగితం మీద పది నెలల ఉద్యోగమే. కొన్నిచోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లను బీరువాలో పెట్టుకొని, సంవత్సరం మధ్యలో వేరే బడికి వెళ్లకుండా ఆపుతారు. మరికొన్నిచోట్ల ఇంతకన్నా బాధాకరమైన పద్ధతి ఉన్నది. శిక్షణ పొందిన ఎవరో ఒకరి పేరు రికార్డుల్లో ఉంటుంది, పాఠం చెప్పేది మరొకరు. యూడైస్ వివరాల్లో ఆ బడిలో అర్హులైన ఉపాధ్యాయులు ఉన్నట్లే కనిపిస్తుంది. పన్నెండేళ్లుగా నల్లబల్ల ముందు నిలబడిన ఆ సోదరి మాత్రం ఎక్కడా ఉండదు.

మా కార్యకర్తల్లో చాలామందిమి జీవితకాలం ప్రభుత్వ కార్యాలయాల్లో దస్త్రాల మధ్య గడిపినవాళ్లం. అక్కడ మేము నేర్చుకొన్న పాఠం ఒకటున్నది. సర్వీసు రిజిస్టరులో ఎక్కని సేవకు విలువ కట్టేవారుండరు. ఎంత నిజాయితీగా పనిచేసినా, కాగితం లేని రోజున దానిని నిరూపించడం ఎవరి తరమూ కాదు. 2025 తీర్పు సైతం ఉద్యోగం కోల్పోయేవారికి విరమణ ప్రయోజనాలు ఇవ్వమన్నది. కాని అవసరమైనంత సర్వీసు ఉన్నవారికే అవి అందుతాయి. ఆ సర్వీసును నిరూపించే కాగితమే లేకపోతే ఆ వాక్యం మనవారికి ఎందుకు పనికివస్తుంది?

గ్రాట్యుటీనే ఉదాహరణగా తీసుకొందాం. ఉపాధ్యాయులకు గ్రాట్యుటీ వర్తించేలా 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుండి అమలయ్యేట్లు చేశారు. ప్రైవేటు పాఠశాలలు దానిని సవాలు చేయగా, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చింది. పదిమంది సిబ్బంది ఉన్న బడిలో అయిదేళ్లు నిరంతరంగా పనిచేసిన ఉపాధ్యాయునికి, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ రావాలి. నెలకు 9,000 రూపాయల జీతంతో పన్నెండేళ్లు పనిచేసిన సోదరి ఉన్నదనుకొందాం. 9,000ను 26తో భాగించి, 15తో, ఆ తరువాత 12తో గుణిస్తే సుమారు 62,300 రూపాయలు అవుతుంది. మన ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు. ఒక బిడ్డ కళాశాల చదువుకు సరిపోతుంది. ఆ సోదరిని ఏటా ఏప్రిల్‌లో తొలగించి జూన్‌లో చేర్చుకొన్నట్లు రాసుకొంటే, ఆ మొత్తం కోసం ఆమె ఏళ్ల తరబడి తిరగవలసి వస్తుంది.

ఉపాధ్యాయునికి లేబర్ కోర్టు తలుపు కూడా మూసి ఉన్నది. పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉపాధ్యాయుడు కార్మికుడు కాడని సుప్రీంకోర్టు 1988లో సుందరాంబాళ్ కేసులో చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లోనూ అమలులో ఉన్న 1982 నాటి విద్యాచట్టంలోని 79వ సెక్షన్, ఆరోపణలు తెలియజేసి విచారణ జరపకుండా ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయుని తొలగించరాదని అంటున్నది. అయితే ఈ రక్షణ కోరాలన్నా ముందు "ఈ బడిలో ఉపాధ్యాయురాలిని" అని నిరూపించుకోవాలి గదా! తిరిగి తిరిగి ఆ నియామక పత్రం దగ్గరికే వస్తున్నాం.

యాజమాన్యాల ఇబ్బందులు మాకు తెలియనివి కావు. మన బడుల్లో ఎక్కువభాగం మొహల్లాల్లో పేద పిల్లల కోసం నడుస్తున్నవే. రెండు వందల మంది పిల్లలు, నెలకు 600 రూపాయల ఫీజు, అందరూ సక్రమంగా కట్టినా వచ్చేది 1,20,000 రూపాయలు. 1994 జనవరి 1 నాటి ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారం ప్రైవేటు పాఠశాల ఫీజు ఆదాయంలో సగం సిబ్బంది జీతాలకు పోవాలి. సగమంటే 60,000. ఎనిమిది మంది ఉపాధ్యాయులకు పంచితే తలా 7,500. రంజాన్, ఎండాకాలం నెలల్లో ఫీజులు ఎంతవరకు వసూలవుతాయో మీకే బాగా తెలుసు. అందుచేత రేపటి నుండి జీతాలు రెట్టింపు చేయండని మేము అడగడం లేదు. నియామక పత్రానికి ఖర్చు ఎంత? ఒక తెల్లకాగితం, ఒక ముద్ర, ఒక సంతకం. దానికి ఫీజులు వసూలు కానక్కరలేదు.

మరి పత్రం ఇవ్వడానికి వెనుకాడడమెందుకు? పత్రమిస్తే హక్కులు అడుగుతారన్న భయమే కారణం. ధ్రువపత్రం లేని ఉపాధ్యాయిని వేరే బడికి పోలేదు, ఎక్కువ జీతం అడగలేదు, ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఆ నిస్సహాయత మీద ఒక బడి నడుస్తున్నదంటే, దానిని మైనారిటీ హక్కు అని పిలవడానికి మా మనస్సు ఒప్పుకోవడం లేదు. 30వ అధికరణ మన పిల్లల కోసం, మన భాష కోసం, మన సంస్థల గౌరవం కోసం రాజ్యాంగ నిర్మాతలు ఇచ్చిన రక్షణ. మన ఆడబిడ్డల శ్రమను చౌకగా వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు. శ్రమకు తగిన ప్రతిఫలం సకాలంలో చెల్లించాలన్న బోధ మనకు ఎవరో కొత్తగా చెప్పవలసినదా?

రేపు విస్తృత ధర్మాసనం ఏమి చెబుతుందో మన చేతిలో లేదు. మినహాయింపు నిలిస్తే మంచిదే. నిలవకపోతే మాత్రం మనవారికి గడువు ఎంత దొరుకుతుందో తెలియదు. ఆ తీర్పు వచ్చిన తరువాత ఒకేసారి అందరూ పరుగులు తీయడంకంటే, ఈ విరామంలోనే సిద్ధపడడం వివేకం.

టెట్ అసాధ్యమైన పరీక్ష కాదు. 150 ప్రశ్నలు, 150 మార్కులు, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. మొదటి పేపరు ఒకటి నుండి అయిదో తరగతి బోధించేవారికి, రెండోది ఆరు నుండి ఎనిమిది వరకు బోధించేవారికి. మొదటి పేపరులో శిశు వికాసం, మొదటి భాష, ఆంగ్లం, గణితం, పరిసరాల విజ్ఞానం, ఒక్కొక్కదానికి 30 మార్కులు. మన రాష్ట్రాల టెట్‌లో మొదటి భాషగా ఉర్దూను ఎంచుకోవచ్చు. కేంద్ర టెట్‌లో భాషగా ఉర్దూ ఉన్నా, మిగతా ప్రశ్నలు హిందీ, ఆంగ్లాల్లోనే ఉంటాయి. ఉర్దూ మాధ్యమంలో చదివినవారు ఈ తేడా గమనించి దరఖాస్తు చేసుకోవాలి. మన రాష్ట్రాల టెట్‌లో జనరల్ అభ్యర్థులకు 60 శాతం, అంటే 90 మార్కులు, బీసీలకు 50 శాతం, అంటే 75 మార్కులు రావాలి. బీసీ-ఈ కిందకు వచ్చే షేక్ తదితర వర్గాల సోదరీమణులు కుల ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకొంటే ఆ పదిహేను మార్కుల వెసులుబాటు దక్కుతుంది. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాల వారికి అది లేదు కనుక వారు 90 మార్కులకే సిద్ధపడాలి. ఎన్నిసార్లయినా రాయవచ్చు. ఒకసారి ఉత్తీర్ణులైతే ఆ ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుంది. లోగడ ఉన్న ఏడేళ్ల పరిమితిని 2021లో తొలగించారు.

శిక్షణ లేనివారికి మాత్రం దారి కాస్త పొడవు. టెట్ రాయాలంటే ముందు డీఎల్‌ఈడీ గాని బీఈడీ గాని ఉండాలి. ఇక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయునికి బీఈడీ సరిపోదని, డీఎల్‌ఈడీయే కావాలని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చిన్న తరగతులకు బోధించే సోదరి ఎవరో చెప్పారని అప్పుచేసి బీఈడీలో చేరేముందు ఈ సంగతి తెలుసుకోవాలి. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలోనే ఉపాధ్యాయ శిక్షణ కోర్సులు నడుపుతున్నది. మన ఆడపిల్లలు ఆ అవకాశాన్ని ఇంకా విరివిగా వినియోగించుకోవాలి.

మీ అందరికీ కొన్ని విన్నపాలు చేసి ముగిస్తాం.

యాజమాన్యాల వారికి: ప్రతి ఉపాధ్యాయునికీ నియామక పత్రం ఇవ్వండి. చేరిన తేదీ, బోధించే తరగతి, విషయం, జీతం, సెలవులు, వేసవి జీతం, తొలగింపుకు ముందిచ్చే నోటీసు గడువు అందులో రాయండి. పాతవారికి వారు మొదట చేరిన తేదీ నుండే ఇవ్వండి. టెట్ గురించి ఒక నిబంధన పెట్టదలిస్తే అది రెండు పక్షాలకూ వర్తించేలా ఉండాలి. "ఫలానా తేదీలోగా ఉత్తీర్ణులు కావాలి" అని రాసినప్పుడు, "అంతవరకు ఉద్యోగానికి భంగం లేదు, పరీక్ష ఫీజు బడి చెల్లిస్తుంది, చదువుకోవడానికి ఇన్ని రోజులు సెలవు, ఉత్తీర్ణులయ్యాక జీతం ఇంత పెరుగుతుంది" అని కూడా రాయండి. జీతం బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఒరిజినల్ సర్టిఫికెట్లను చూసి, నకళ్లు తీసుకొని, వెంటనే తిరిగి ఇచ్చేయండి. యూడైస్‌లో పాఠం చెప్పేవారి పేరే ఉండనివ్వండి. మైనారిటీ హోదా పత్రం లేకపోతే ఇప్పుడే దరఖాస్తు చేయండి.

ఉపాధ్యాయులకు: పత్రం అడగడం అమర్యాద కాదు. ఇవ్వకపోతే హాజరు పట్టీ ఫొటో, పరీక్షా పత్రాలపై మీ సంతకాలు, జీతం జమయిన బ్యాంకు వివరాలు, బడి గుర్తింపు కార్డు, ఇవన్నీ ఒక ఫైలులో భద్రపరచండి. యూడైస్‌లో మీ పేరు, అర్హత ఎలా నమోదయ్యాయో అడిగి తెలుసుకోండి. "మాకెందుకు టెట్, మినహాయింపు ఉన్నది గదా" అని ఊరుకోకండి. ఆ మినహాయింపు బడికే గాని మీకు కాదు. టెట్ ధ్రువపత్రమైతే మీ సొంతం. ఈ బడి మూతపడినా మీతో వస్తుంది.

మస్జిద్ కమిటీలకు, సముదాయ పెద్దలకు: సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేవారు సుమారు 3 శాతమే. మిగిలినవారిలో బడికి పోయే ప్రతి బిడ్డా సాధారణ పాఠశాలలోనే చదువుకొంటున్నది. ఆ పాఠశాలల ఉపాధ్యాయులను నిలబెట్టడమంటే మన పిల్లలను నిలబెట్టడమే. ప్రతి మొహల్లాలో సాయంత్రం వేళ ఒక గది ఇవ్వండి, టెట్ పాఠ్యపుస్తకాలు రెండు సెట్లు కొని పెట్టండి. పది మంది సోదరీమణులు కలిసి కూర్చుంటే చాలు, ఒకరికి గణితం తెలుస్తుంది, మరొకరికి ఆంగ్లం తెలుస్తుంది. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఉద్యోగులు వారానికి రెండు గంటలు కేటాయించలేరా? మా బృందం ఆ పనికి సిద్ధంగా ఉన్నది.

మినహాయింపు కోసం న్యాయస్థానంలో పోరాడవలసిందే. ఆ పోరాటం న్యాయవాదులు చేస్తారు. మన బడి గదిలో చేయవలసిన న్యాయానికి ఏ ధర్మాసనం తీర్పూ అక్కరలేదు. ఈ సమావేశం నుండి వెళ్లిన ప్రతి యాజమాన్యం ఈ నెలాఖరులోగా తన ఉపాధ్యాయులందరికీ నియామక పత్రాలు ఇస్తామని ఇక్కడే మాట ఇవ్వాలని కోరుతున్నాం. మాట ఇచ్చిన బడుల పేర్లు రాసుకొని, వచ్చే నెల మేమే వచ్చి పలకరిస్తాం.